చెన్నైలో పాత కారు కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

షోలింగనల్లూరులోని ఆఫీసుకు వెళ్ళి రావడానికి మూడు లక్షలలోపు ఒక పాత చిన్న కారు కొనాలనుకుంటున్నావనీ, ఫోనులో ఒక బండి ఫొటోలు చూసి ముచ్చటపడి అడ్వాన్సు పంపబోతున్నావనీ మీ అమ్మ నిన్న చెప్పింది. ఆ బండిని నేను కళ్ళారా చూసేవరకు ఒక్క రూపాయి కూడా పంపవద్దు. ఈ ఊరికి వచ్చిన ముప్ఫై ఏళ్ళలో నేను నాలుగు పాత కార్లు కొన్నాను. మూడు చక్కగా నడిచాయి. నాలుగోదానితో ఎంత నష్టపోయానో మీ అత్తయ్యకు తెలుసు. నీకు అది జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

2015 డిసెంబరు వరదల తరువాతి వేసవిలో ఒక బ్రోకరు నాకు ఆ నాలుగో బండిని చూపించాడు. పైన పెయింటు మెరుస్తోంది, సీటు కవర్లు, మ్యాట్లు కొత్తవి, తలుపు తీయగానే ఘాటైన సెంటు వాసన. అంత పాత బండికి అన్ని హంగులు ఎందుకని ఆ రోజు నాకు తోచలేదు. మొదటి రెండు నెలలు ఏ ఇబ్బందీ లేదు. వానాకాలం మొదలయ్యాక ఒక రోజు అద్దాలు దిగడం మానేశాయి, మరో రోజు హారను మూగబోయింది, చివరికి ఒక రాత్రి కత్తిపారా కూడలిలో, వెనుక బస్సులు వరుసకట్టి ఉండగా, బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. మెకానిక్ కార్పెట్ ఎత్తి చూపిస్తే కింద ఎండిన బురద పొరలుగా ఉంది, వైర్ల కనెక్టర్లకు పచ్చగా చిలుము పట్టి ఉంది. నీళ్ళు తాగిన బండికి ఉన్న గుణం అదే. ఇంజను విప్పి కడిగితే నడుస్తుంది కానీ, వైర్లలోకి, సెన్సర్లలోకి దిగిన తేమ నెలల తరబడి లోహాన్ని తింటూ ఉంటుంది. ఒక చోట బాగు చేయిస్తే మరో చోట బయటపడుతుంది.

అందుకే చెన్నైలో పాత కారు అమ్మేవారిని నేను మొట్టమొదట అడిగేది ధర కాదు. 2023 డిసెంబరు మొదటి వారంలో, మిచాంగ్ తుపాను నాడు, ఈ బండి ఎక్కడ ఉందని అడుగుతాను. వేళచ్చేరి, పళ్ళికరణై, పెరుంబాక్కం, ముడిచ్చూరు వంటి, వానకు నీళ్ళు నిలిచే చోట్ల నిలిపి ఉన్న బండి అయితే జవాబు చెప్పే తీరును కూడా గమనిస్తాను. ఆ ప్రాంతపు బండ్లన్నీ చెడ్డవని అనడం లేదు. 2024 అక్టోబరులో భారీ వర్షాల హెచ్చరిక వినగానే వేళచ్చేరి వాసులు తమ కార్లను ఫ్లైఓవరు మీదికి తెచ్చి వరుసగా నిలిపారు. అంత జాగ్రత్తపడే యజమాని దగ్గర నేను సంతోషంగా కొంటాను. అయితే మాట మీద ఆధారపడక, నాలుగు సీట్ల బెల్టులనూ చివరిదాకా లాగి చూడు, సాధారణంగా చుట్టలో దాగి ఉండే ఆ భాగాన్ని ఎవరూ ఉతకరు కనుక బురద చార అక్కడే దొరుకుతుంది. సీటు కింది పట్టాల తుప్పు, స్టెప్నీ పెట్టే గుంతలోని మట్టి, హెడ్‌లైటు లోపలి తేమ కూడా చూడాలి. పాత ఇన్సూరెన్సు పాలసీలు అడిగి తీసుకుని, 2023, 2024 సంవత్సరాలలో పెద్ద క్లెయిము ఏదైనా జరిగిందేమో విచారించు.

తిరువాన్మియూరు, నీలాంకరై వైపు సముద్రపు గాలికి ఏళ్ళ తరబడి నిలిచిన బండ్లకు తలుపుల అడుగు అంచులు తుప్పు పడతాయి; రబ్బరు బీడింగు కొంచెం లాగి లోపల చూస్తే తెలుస్తుంది. మీటరు మీది కిలోమీటర్లను నమ్మకు. మీటరులో ముప్ఫై వేలే ఉండి బ్రేకు పెడలు రబ్బరు అరిగిపోయి ఉంటే ఆ అంకె అబద్ధం, సర్వీసు రికార్డు ఒక్కటే దానికి సాక్ష్యం. టైరు పక్కన ఉండే నాలుగు అంకెలలో మొదటి రెండు టైరు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం.

ఇంజను సంగతి చల్లగా ఉన్నప్పుడే తెలుస్తుంది. మనం వెళ్ళేసరికి బానెట్ వేడిగా ఉంటే, ఉదయం స్టార్టు కావడానికి మొరాయించే బండిని ముందే నడిపి ఉంచారని అనుమానించాలి. పొగ నీలంగా వస్తే ఇంజను ఆయిలు మండుతున్నట్టు. ఆయిలు పోసే మూత అడుగున మీగడలాంటి తెల్లని జిగురు ఉంటే కూలెంటు అందులో కలుస్తున్నట్టు కావచ్చు, ఆ బండి దగ్గర ఇక నిలబడవద్దు. ఓఎమ్ఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) సిగ్నళ్ళ దగ్గర క్లచ్ ప్లేట్లు త్వరగా అరుగుతాయి కనుక, హ్యాండ్‌బ్రేకు వేసి మూడో గేరులో క్లచ్ నెమ్మదిగా వదిలి చూడాలి: ఇంజను ఆగిపోతే క్లచ్ బాగున్నట్టు, ఆగకుండా రొద చేస్తుంటే జారుతున్నట్టు. ఏసీని మిట్టమధ్యాహ్నం ఎండలో, బండి కదలకుండా నిలిచి ఉన్నప్పుడు పరీక్షించాలి.

ఏ బండి అంటావా? నీకు ఆల్టో, వ్యాగన్ఆర్, ఐ10 చాలు. ఈ ఊళ్ళో వీటికి పార్టులు, మెకానిక్‌లు వెతుక్కోనక్కర్లేదు. వీలైతే 2019 జూలై తరువాత తయారైనదే చూడు, ఎందుకంటే అప్పటినుంచి చిన్న కార్లకు కూడా డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది. నీవు రోజూ ఒంటరిగా నడిపే బండి అది. రంగు కోసం, మ్యూజిక్ సిస్టమ్ కోసం ఎయిర్‌బ్యాగును వదులుకోవద్దు. మరీ పాతదైతే పదిహేనేళ్ళకు రిజిస్ట్రేషను గడువు ముగుస్తుంది, తిరిగి చేయించడానికి ఫీజే 5,000 రూపాయలు, దానికి తోడు ఫిట్‌నెస్ పరీక్ష, గ్రీన్ ట్యాక్సు (పాత బండ్ల మీద వేసే పన్ను).

నెల్లూరులో చౌకగా వస్తోందని ఏపీ రిజిస్ట్రేషను బండి తెచ్చుకునే ఆలోచన మనవాళ్ళు చాలామంది చేస్తారు. అక్కడి ఆర్టీఓ (రవాణా కార్యాలయం) నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకుని, పన్నెండు నెలలలోపు ఇక్కడ తిరిగి రిజిస్టరు చేయించి, తమిళనాడు రోడ్డు ట్యాక్సు కట్టాక, ఆ చౌకదనంలో మిగిలేది స్వల్పమే. పైగా పని మానుకుని ఎన్నిసార్లు తిరగాలో లెక్క వేసుకో.

కాగితాల విషయంలో మొహమాటం వద్దు. ఆర్‌సీలో (రిజిస్ట్రేషను పత్రంలో) ఉన్న పేరు, అమ్మే మనిషి ఆధార్‌లోని పేరు ఒకటేనా, బ్యాంకు హైపోథికేషను (బండి మీది అప్పు తాకట్టు) తొలగించారా, చలాన్లు బాకీ ఉన్నాయా అన్నది రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో చూసి, బండి పేరు మార్పుకు ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలయ్యాకే మిగతా డబ్బు ఇవ్వు. ఆర్‌సీ నీ పేరుకు మారేదాకా అది నీ బండి కాదని గట్టిగా గుర్తుంచుకో. రిజిస్ట్రేషను ఎవరి పేరున ఉంటే ప్రమాదానికి బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది కనుక, మంచి అమ్మకందారుకు కూడా ఆ తొందర ఉండాలి. ఇన్సూరెన్సును పద్నాలుగు రోజులలో నీ పేరుకు మార్పించుకో. అమ్మినవారి నో క్లెయిమ్ బోనసు (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) వారికే చెందుతుంది, నీకు రాదు. కొన్న వెంటనే ఆయిలు, బ్యాటరీ, టైర్లకు ముప్ఫై వేలు పక్కన ఉంచుకుని మిగిలిన డబ్బుకే బేరమాడు.

శనివారం పొద్దున్నే ఏడింటికి ఆ బండి ఉన్న చోటికి నేను, మా మెకానిక్ కలిసి వస్తాము. ఆ ఉదయం మేము వచ్చేదాకా ఇంజను స్టార్టు చేయవద్దని అమ్మేవారికి ముందురోజే చెప్పి ఉంచు.

ఇట్లు,
నీ మేనమామ