ఉష్ణమండల దేశాల్లో అమ్మాయి ఒంటరిగా, తక్కువ ఖర్చుతో బ్యాక్‌ప్యాకింగ్ చేయాలంటే రోజుకి ఎంత ఉంటే చాలు?

రోజుకి ఇంత అని ఒకే అంకె చెప్పేవాళ్లని నమ్మకండి. లావోస్‌లో దర్జాగా గడిచే డబ్బుతో సింగపూర్‌లో మంచం కూడా దొరకదు. నా లెక్క ఒక్కటే. ఆ పూట ఎక్కడున్నా సరే, నచ్చకపోతే లేచి వెళ్లిపోయి, లోపల గడియ ఉన్న వేరే గదిలో ఒంటరిగా పడుకునేంత డబ్బు చేతిలో ఉండాలి. ఆ దేశపు నోట్లలో ఉండాలి, పర్సులో కాకుండా వేరేచోట దాచుకోవాలి. అది ఉన్నాక మిగతా వాటిలో ఎంత పిసినారితనం చూపించినా పర్వాలేదు.

ఈ పట్టుదల నాకు మెకాంగ్ నది మీద మొదలైంది. థాయ్‌లాండ్ సరిహద్దు దాటగానే లావోస్‌లో హువాయ్ సాయ్ అనే ఊరు వస్తుంది. అక్కణ్ణుంచి లువాంగ్ ప్రబాంగ్‌కి స్లో బోట్ ఉంది, రెండు పగళ్ల ప్రయాణం. నదిలో రాళ్లెక్కువ కాబట్టి రాత్రిపూట నడపరు. మధ్యలో పాక్‌బెంగ్ అనే చిన్న ఊళ్లో దింపేస్తారు, ఎవరి బస వాళ్లే చూసుకోవాలి. పొడవాటి చెక్క పడవ, అందులో పాత వ్యాన్ల నుంచి ఊడబీకిన సీట్లు. నా సీటుకైతే నేలకి ఒక్క నట్టు కూడా లేదు, ఒళ్లు విరుచుకుంటే అదీ కదిలేది. సామానంతా చెక్క పలకల కింద పడేశారు. ఇంజనూ, మరుగుదొడ్డీ రెండూ వెనకే. ఆలస్యంగా ఎక్కినవాళ్లకి ఆ మోతే గతి.

నా పక్కన ఒక బ్యాక్‌ప్యాకర్ కుర్రాడు. మాటకారి, మొదట్లో బాగానే ఉన్నాడు. మధ్యాహ్నం అయ్యేసరికి "పాక్‌బెంగ్‌లో ఒకే గది తీసుకుందాం, ఖర్చు చెరిసగం" అన్నాడు. వద్దన్నాను. కాసేపాగి మళ్లీ అదే పాట: "బడ్జెట్ ట్రావెలర్‌ని అన్నావుగా, మరి డబ్బు ఎందుకు తగలేస్తావ్?" నా పొదుపుని తీసుకొచ్చి నా మీదే ప్రయోగించాడు! ఆ తర్వాత నొచ్చుకున్నట్టు ముఖం పెట్టి, "రెండు మంచాలుంటాయి, నన్నేమనుకుంటున్నావ్?" అన్నాడు. ఈ నొచ్చుకోవడం అనేది ఉంది చూశారూ, బతిమాలడం కంటే ఎక్కువ పనిచేస్తుంది. మర్యాదకి పోయి ఒప్పుకునేది అక్కడే.

అటు వరసలో బస్తాల మీద కాళ్లు పెట్టుకుని ఒక లావో పెద్దావిడ కూర్చుని ఉంది. మా ఇంగ్లీషు ఆవిడకి అర్థమై ఉండదు, ముఖాలు మాత్రం బాగానే అర్థమయ్యాయి. మనవణ్ణి ఒళ్లోకి లాక్కుని, ఖాళీ అయిన సీటు మీద అరచేత్తో తట్టింది. వెళ్లి కూర్చున్నాను. చిన్న వెదురు బుట్ట మూత తీసి జిగురన్నం ముద్ద నా చేతిలో పెట్టింది. దిగేదాకా అతను ఇటు రాలేదు.

పడవ ఆగేసరికి మసక చీకటి. ఒడ్డు నిటారుగా ఉంది. పైన గెస్ట్‌హౌస్ వాళ్లు పేర్లు రాసిన అట్టలు పట్టుకుని అరుస్తున్నారు. కుర్రాడు సాయం చేస్తున్నట్టు నా బ్యాగు కూడా భుజాన వేసుకోబోయాడు. లాక్కున్నాను. అట్టలు పట్టుకున్నవాళ్లలో ఒక ఆడమనిషిని ఎంచుకుని ఆమె వెంట వెళ్లాను. తలుపుకి బోల్టు, కిటికీకి గడియ, చిరగని దోమతెర చూసుకుని, లోపలి జేబులోంచి కిప్ నోట్లు (లావోస్ డబ్బు) తీసి అక్కడికక్కడే కట్టేశాను. ఆ ఊళ్లో అంతకంటే చవక గది ఉండే ఉంటుంది. ఉంటే ఉండనీ.

ఒంటరి ఆడవాళ్లని భయపెట్టేవాళ్లంతా వెళ్లిన ఊరి మగవాళ్ల గురించే చెబుతారు. నన్నడిగితే చవక హాస్టళ్లలో తగిలే తోటి ప్రయాణికులతోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. దీని మీద ఎవరు వాదించినా నేను మారను. అన్నట్టు, చాలా హాస్టళ్లలో ఆడవాళ్ల డార్మ్‌కి (చాలా మంచాలున్న ఉమ్మడి గదికి) అందరూ కలిసి ఉండే డార్మ్ కంటే రేటెక్కువ. ప్రశాంతంగా నిద్రపోయినందుకు మేమెందుకు జరిమానా కట్టాలో ఇప్పటికీ నాకు అంతుబట్టదు. తిట్టుకుంటూనే కడతాను.

రాత్రి బస్సెక్కితే గది ఖర్చు మిగులుతుంది అంటారు. నిజమే. కానీ వియత్నాంలో హనోయి నుంచి ఫోంగ్ న్యా అనే ఊరి వైపు వెళ్లే స్లీపర్ బస్సులు చాలావరకు తెల్లవారకముందే దింపేస్తాయి. ఆ వేళకి తలుపు తీస్తారో లేదో హాస్టల్‌ని ముందే అడగండి. వానాకాలం చవక అనే సలహా కూడా సగమే నిజం. థాయ్‌లాండ్‌లో పడమటి వైపున్న అండమాన్ తీరానికి వానలు మే నుంచి అక్టోబర్ దాకా ఉంటే, తూర్పున కో సముయి దీవి వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దంచి కొడతాయి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే పడవలు ఆగిపోతాయి, దీవిలో ఇరుక్కున్న ఆ రాత్రి ఖర్చు మీదే.

జ్వరం వచ్చినా ఆ దాచిన డబ్బే కావాలి. పన్నెండు మంది పడుకునే డార్మ్‌లో పై మంచం మీద జ్వరంతో ఉండలేరు. డెంగీ దోమ పగలే కుడుతుంది, ముఖ్యంగా పొద్దున్నే, పొద్దుగూకే ముందు. అందుకే రాత్రి దోమతెర ఒక్కటీ చాలదు, ఒంటికి పూసుకునే మందు కూడా కావాలి. జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ జోలికి పోవద్దు. డెంగీ అయితే వాటితో రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. గది తీసుకుని, క్లినిక్‌కి వెళ్లి, రక్తపరీక్ష చేయించుకోండి. ప్రయాణ బీమా కూడా ఉండాలి, దాని మీద మిగుల్చుకోవద్దు.

ఇంతకీ మీరడిగింది రోజుకి ఎంత అని కదా. వెళ్లే ఊళ్లో గడియ ఉన్న సింగిల్ గది రేటు చూసుకోండి. దానికి రెట్టింపు విడిగా తీసి దాచండి. మీ డబ్బులో మిగిలినదాన్ని ప్రయాణం రోజులతో భాగించుకోండి, అదే మీ బడ్జెట్. దాచినది వాడితే, ఏటీఎం ఉన్న ఊరు రాగానే ముందు దాన్ని నింపండి. పాక్‌బెంగ్ లాంటి చోట్లకి వెళ్లాక మిషన్ మీద ఆశ పెట్టుకోకండి.