గ్రీజు ఎక్కువైనా బేరింగ్ పోతుంది

ప్రశ్న: మాది తణుకు దగ్గర చిన్న రైస్ మిల్లండి. బ్లోయర్ షాఫ్ట్ బేరింగ్‌లు పదే పదే పోతున్నాయి. వారం వారం గ్రీజు బయటికి కారేదాకా కొట్టిస్తున్నా, అయినా చెయ్యి పెట్టలేనంత వేడి. మెకానికేమో బేరింగ్ నాసిరకం అంటున్నాడు. పక్క మిల్లువాళ్ళు గేర్‌బాక్స్ ఆయిల్ ల్యాబ్‌కి పంపిస్తారు, మాకూ అవసరమా?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు చూస్తే బేరింగ్ మీద కంటే ఆ గ్రీజు కొట్టడం మీదే నాకు అనుమానం అండి. హౌసింగ్‌లో, అంటే బేరింగ్ కూర్చునే డబ్బాలో, ఖాళీ జాగాలో మూడో వంతు నుంచి సగం దాకా గ్రీజుంటే చాలు, నిండా కూరితే బాల్స్ తిరిగే ప్రతిసారీ ఆ ముద్దనంతా పిసుకుతూ తిరగాలి, దాంతోనే వేడి పుడుతుంది, వేడికి గ్రీజులోంచి ఆయిల్ విడిపోయి కారిపోతుంది, లోపల ఎండిన పిప్పి మిగులుతుంది. అసలు పని చేసేది ఆ ఆయిలే. బాల్‌కీ రింగుకీ మధ్య నిలబడే ఆయిల్ పొర మామూలుగా ఒక మైక్రాన్ కూడా ఉండదు, మన తలవెంట్రుకేమో 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. ఆ పొరకి బలం వచ్చేది తిరగడం వల్ల, మనం గ్రీజు గన్‌తో నొక్కడం వల్ల కాదు. 1880ల్లో ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజినీరు రైలు ఇరుసు బేరింగ్‌ల మీద ప్రయోగాలు చేస్తూ పైన ఒక రంధ్రం పెడితే అందులోంచి ఆయిల్ ఉబికొచ్చింది, చెక్క బిరడా కొడితే దాన్నీ తన్నేసింది! షాఫ్ట్ తిరుగుతూ తనే ఆయిల్‌ని బేరింగ్ సందులోకి లాక్కుని అంత ప్రెషర్ పుట్టించిందన్నమాట.

గ్రీజు ఎంత పెట్టాలో లెక్కుందండి. బేరింగ్ బయటి వ్యాసాన్ని వెడల్పుతో గుణించి (రెండూ మిల్లీమీటర్లలో) 0.005తో గుణిస్తే గ్రాములొస్తాయి. మీది 6310 నంబరు బేరింగ్ అనుకుందాం, కొలతలు 110 x 27, అంటే దాదాపు 15 గ్రాములు. మీ గన్ పది సార్లు నొక్కి కాగితం మీద తీసి కాటా వేయండి, నొక్కుకి ఎంతొస్తుందో తేలిపోతుంది. కొత్త గ్రీజు పెట్టాక కొన్ని గంటలు వేడి పెరిగి తర్వాత దిగాలి, దిగకపోతే ఎక్కువైనట్టే. రెండు రకాల గ్రీజులు మాత్రం కలపకండి, కొన్ని జతలు కలిస్తే నీళ్ళలా పల్చబడిపోతాయి.

ఇంకోటి, ఊక దుమ్ము. ఊకలో సిలికా చాలా ఉంటుంది, అది సీల్ దాటి గ్రీజులో చేరితే స్టీలుని అరగదీస్తుంది. అందుకే గ్రీజు ఎక్కించే నిపుల్ తుడవకుండా గన్ పెట్టొద్దు. పోయిన బేరింగ్ పారేసేముందు కోసి రింగులో బాల్స్ తిరిగే దారి చూడండి: బూడిదరంగుకి తిరిగి నున్నగా అరిగిపోతే దుమ్ము పని, పెచ్చులు లేచిపోతే లోడు ఎక్కువో అలైన్‌మెంట్ తేడానో, లేకపోతే ఆయుష్షు తీరిందో. నాసిరకమో కాదో అప్పుడు తేల్చుకోవచ్చు.

చేతి వేడి లెక్క వదిలేయండి, 60 డిగ్రీలకే చెయ్యి ఆగదు, బేరింగ్‌కి అది మామూలే. టెంపరేచర్ గన్‌తో రోజూ ఒకే చోట, ఒకే లోడులో కొలిచి పుస్తకంలో రాయించండి. మామూలు గ్రీజుకి 70 దాటాక ప్రతి 15 డిగ్రీలకీ గ్రీజు మార్చే గడువు సగానికి పడిపోతుంది. అయితే వేడి చివర్లో చెప్పే కబురండి, వైబ్రేషన్ ముందే చెప్తుంది. 8 బాల్స్ ఉన్న బేరింగ్ 1440 ఆర్‌పీఎమ్‌లో తిరుగుతుంటే బయటి రింగులో చిన్న గుంట పడ్డా సెకనుకు దాదాపు 75 దెబ్బలు వినపడతాయి, వైబ్రేషన్ మీటర్ ఉన్న టెక్నీషియన్ దాన్నిబట్టి గుంట ఏ రింగులో ఉందో కూడా చెప్పేస్తాడు.

ఇక గేర్‌బాక్స్ ఆయిల్, అది తప్పకుండా పంపించండి. రిపోర్టులో ఇనుము, సిలికాన్ కలిసి పెరుగుతుంటే దుమ్ము లోపలికి పోతోందని, ఇనుము ఒక్కటే పెరుగుతుంటే పళ్ళు అరుగుతున్నాయని అనుకోవచ్చు. ఒక్క రిపోర్టుతో పెద్దగా ఏం తేలదు, వరుసగా పంపి పోల్చుకోవాలి. శాంపిల్ మాత్రం మెషిన్ ఆపీ ఆపగానే, వేడిగా ఉన్నప్పుడే, మధ్య మట్టం నుంచి శుభ్రమైన సీసాలో తీయించండి, డ్రెయిన్ బోల్టు విప్పి పడితే అడుగున పేరుకున్న పాత మడ్డి వచ్చేస్తుంది.