చుక్కను బాతుల వేటకు తీసుకెళ్లే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. నీ పాత వేటకుక్క మోతి చనిపోయిన ఏడాదే, కాల్చిన బాతులను తెచ్చిచ్చే పనికి కొత్త కుక్క చుక్కను తీసుకెళ్లడం తప్పా అని అడిగావు. తప్పేమీ లేదు. నీళ్లలోకి దూకడానికే పుట్టిన జాతి కుక్కను తెచ్చుకుని, మన దిగులు తీరేదాకా దాన్ని వరండాలో కట్టేయడమే అన్యాయం. నాకు అభ్యంతరం వేరే చోట ఉంది. సీజను మొదలైన రోజే తీసుకెళ్తాననీ, మోతితో కలిసి బాతులకు కనపడకుండా దాక్కుని కూర్చున్న మాటులోనే కూర్చుంటాననీ, చుక్కకు మోతి జాకెట్టే వేస్తాననీ రాశావు. ఈ మూడూ వద్దు.

నీకు గుర్తున్న మోతి పదేళ్ల కుక్క. ఈల నోట్లో పెట్టుకునేలోపే నీ మనసు తెలుసుకునేది. గాలి ఎటు వీస్తోందో చూసి, పక్షి పడిన చోటికి కాకుండా దాని వాసన వచ్చే పక్కకు ఈదేది. అదంతా నువ్వు నేర్పింది కాదు, ఎన్నో సీజన్లలో అదే పట్టుకుంది. చివరి నాలుగైదేళ్లు నువ్వు దానికి ఆజ్ఞ ఇచ్చిన సందర్భాలే తక్కువ. అంటే కుక్కను నడిపించే అలవాటు నీకూ తప్పిపోయింది. చుక్కకు రాని పనులు ఎన్ని ఉన్నాయో, నువ్వు మరిచిపోయినవీ దాదాపు అన్ని ఉంటాయి. అందుకే నా మొదటి మాట: ఈ సీజనులో చుక్కతో వెళ్లే ప్రతిసారీ నీ తుపాకి ఇంట్లో ఉండాలి. కాల్చే పని గురి బాగా కుదిరే స్నేహితుడు ఒక్కడికి అప్పగించు. నీ రెండు కళ్లూ కుక్క మీదే ఉండాలి. ఆకాశం వైపు చూస్తూ, తుపాకి ఎత్తుతూ, కుక్కను కూర్చోబెట్టడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం.

వెళ్లే వయసు గురించి అడిగావు. నెలలు లెక్కపెట్టకు. పెద్ద జాతి కుక్కలకు ఎముకల చివర్లు గట్టిపడేసరికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది కనుక, అప్పటిదాకా పడవ అంచు మీద నుంచి దూకించడం, లోతైన బురదలో గంటల తరబడి తిప్పడం చేయకు. అంతకు మించి చూడవలసింది ఒక్కటే. ఎదురుగా డమ్మీ, అంటే తెచ్చివ్వడం నేర్పడానికి బాతుకు బదులు వాడే వస్తువు, విసిరితే, నువ్వు పేరు పిలిచేదాకా కూర్చుని ఉంటుందా? పక్కన మరో కుక్క పరుగెత్తుతున్నా ఈలకు వెనక్కి వస్తుందా? ఈ రెండూ పెరట్లో జరగకపోతే నీటి ఒడ్డున అసలే జరగవు. కుదురుగా కూర్చోకుండా లేచిపోయే కుక్క చెడ్డ కుక్కని కాదు, అది ప్రాణాలకే ముప్పు. బాతు కిందికి దిగుతుంటే తుపాకి కూడా కిందికి దిగుతుంది, అదే క్షణంలో కుక్క ముందుకు దూకుతుంది. కాబట్టి మాటులో చుక్కకు చిన్న తాడు కట్టు, ఒక్క లాగుకు ఊడే ముడి వెయ్యి. తుపాకి దించి, పేలకుండా ఆపే సేఫ్టీ మీట వేశాక, 'వదులు' అని నీ స్నేహితుడు చెప్పాకే విడిచిపెట్టు.

ఇక చప్పుడు సంగతి. దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మంచి కుక్కలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. తుపాకి పేలుడు చెవి దగ్గర 150 డెసిబెల్స్ దాటుతుంది. కుక్కకు భయం పుట్టడానికి ఒక్క పేలుడు చాలు, పోగొట్టడానికి ఏళ్లు పట్టవచ్చు. చుక్క తనకు ఎంతో ఇష్టమైన డమ్మీ కోసం పరుగెత్తుతూ ఉండగా, వంద మీటర్ల అవతల నుంచి గుళ్లు లేని చిన్న ఖాళీ తూటా పేల్చమను. అది తల కూడా తిప్పకపోతే మరో రోజు కొంచెం దగ్గరగా. తోక దిగినా, నీ వైపు తిరిగి చూసినా ఆ రోజుకు చప్పుడు ఆపేసి ఆట కొనసాగించు.  అసలు తుపాకి, అసలు తూటా, పక్కనే నిలబడి కాల్చడం చివరి మెట్టు. అప్పుడు కూడా కుక్క కాల్చేవాడి పక్కన, గొట్టం మూతికి బాగా వెనకగా ఉండాలి. గొట్టానికి ముందు కూర్చుంటే వినికిడే పోతుంది. ఇప్పుడు తెలిసిందా, సీజను మొదటి రోజు వద్దన్నది ఎందుకో? చుట్టూ ప్రతి మాటులోనూ ముగ్గురు నలుగురు ఒకేసారి కాలుస్తుంటారు, అరుస్తుంటారు. రెండో వారమో మూడో వారమో, మామూలు పనిరోజున, జనం పలచబడ్డాక వెళ్లు.

నిజం బాతులను రప్పించడానికి నీటి మీద తేలేసే బొమ్మ బాతులను ముందు గడ్డి మీద పరిచి వాటి మధ్య నడిపించు. ప్రతి కుర్ర కుక్కా మొదట ఒకదాన్ని నోట కరుచుకుని గర్వంగా తెస్తుంది. నవ్వు రావడం సహజమే కానీ ఏమీ అనకుండా తీసి పక్కన పెట్టేయి, కోప్పడకు. అవి మోసుకొచ్చేవి కావని నాలుగు రోజుల్లో తెలుస్తుంది. తరువాత లోతులేని నీటిలో పెట్టి అదే అలవాటు చేయించు. వాటిని కొట్టుకుపోకుండా పట్టే బరువు కట్టిన తాళ్లలో కాలు చిక్కుకుంటే ఈత రాని కుక్కలాగే కొట్టుకుంటుంది, అందుకే వేట రోజున బొమ్మల మధ్య ఈదడానికి వెడల్పాటి దారి వదిలిపెట్టు. డమ్మీల రంగు విషయంలో నారింజ రంగుదే కొన్నావంటున్నావు. కుక్క కంటికి నీలం, పసుపు బాగా తెలుస్తాయి, నారింజ పచ్చగడ్డిలో కలిసిపోతుంది. పడిన చోటు కంటితో గుర్తుపెట్టుకోవడం నేర్పేటప్పుడు తెల్లది వాడు. నారింజది ముక్కుతో వెతకడం నేర్పే రోజుకు దాచు.

చుక్క నోటికి దక్కే మొదటి బాతు చచ్చినదై, చల్లబడినదై, రెక్కలు శరీరానికి అంటి ఉన్నదై ఉండాలి. గాయపడి కొట్టుకునే బాతు మీదికి కొత్త కుక్కను పంపకు. ముఖం మీద రెక్కతో కొడితే కొన్ని వదిలేసి పారిపోతాయి, కొన్ని కసిగా నమిలేస్తాయి. నమలడం అలవాటైన నోటిని మళ్లీ మెత్తబరచడం మహా కష్టం. అలాంటి బాతును నీ స్నేహితుడు రెండో తూటాతో ముగించాలి. అందుకే అతను 30 మీటర్లు దాటిన పక్షి జోలికి పోకూడదు. ఉక్కు గుళ్లు సీసం కంటే తేలిక, దూరం పెరిగేకొద్దీ త్వరగా బలం కోల్పోతాయి. అమెరికాలో 1991 నుంచి నీటిపక్షుల వేటకు సీసపు గుళ్లు నిషేధించారు, నీటి అడుగున చేరిన గుళ్లను మింగి పక్షులు విషమెక్కి చస్తున్నాయని. దగ్గరలో పడిన పక్షి చుక్క కంటికి కూడా ఆనుతుంది.

ఒడ్డుకు రాగానే కుక్కలు పక్షిని కింద పడేసి ఒళ్లు విదిలించుకుంటాయి. మొదట్లో నువ్వే నీటి అంచుకు వెళ్లి, విదిలించుకునేలోపు అందుకో. నోట్లోంచి లాక్కోకు, గడ్డం కింద చెయ్యి పెట్టి అది వదిలేదాకా ఆగు. పడిన చోట దొరక్కపోతే రాళ్లు విసిరి చూపించే పాత పద్ధతి వద్దు. దాన్ని వెనక్కి పిలిచి, జమ్ము పొదలకు గాలి దిగువగా నువ్వు కూడా నడిచి వెళ్లు. ముక్కుకు వాసన తగిలిన మరుక్షణం దాని ఒంట్లో వచ్చే మార్పు నువ్వే చూస్తావు. అక్కడి నుంచి నువ్వు నోరు మూసుకోవడమే పని.

చలి సంగతి తేలిగ్గా తీసుకోకు. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. కుక్క ఒంటి వేడి మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 37 కంటే తగ్గితే ప్రమాదం. వణుకుతుంటే నీటిలోంచి తప్పించి తుడవాలి. వణికి వణికి ఆగిపోయి, తూలుతూ, పిలిస్తే పట్టనట్టు ఉంటే ఆ రోజు వేట ముగిసినట్టే, వెచ్చని బండిలోకి చేర్చు. మర్నాడు తోక చచ్చుబడినట్టు వేలాడితే కంగారుపడకు, చల్లని నీటిలో ఈదిన కుక్కలకు అది వస్తుంటుంది, విశ్రాంతి ఇస్తే కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. నొప్పి ఎక్కువగా ఉంటే డాక్టరుకు చూపించు. పలచటి మంచు పెచ్చు మీదికీ, వడిగా పారే నీటిలోకీ ఎంత మంచి బాతు పడినా పంపవద్దు.

మోతి జాకెట్టు వద్దన్నది సెంటిమెంటుతో కాదు. వదులైన జాకెట్టు నీటి అడుగున కొమ్మకు తగులుకుంటే కుక్క బయటికి రాలేదు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత తీసి కొత్తది కొను.

మోతి కూర్చున్న మాటు గురించి కూడా చెప్పాలి. అక్కడికి వెళ్లాలని ఉంటే ఒంటరిగా వెళ్లు, తుపాకీ కుక్కా లేకుండా, ఏడవాలనిపిస్తే ఏడువు. చుక్కకు పని నేర్పే రోజును దానితో కలపకు. మోతి పేరు చుక్కకు అర్థం కాదు, కానీ నీ గొంతులో నిరాశ దానికి వెంటనే తెలిసిపోతుంది. 'మోతి అయితే ఈపాటికి తెచ్చేసేది' అనే మాట నీ స్నేహితుడి నోట కూడా రాకుండా ముందే చెప్పి తీసుకెళ్లు. ఆ మాట అనేవాళ్లు ఎక్కడైనా ఒకరు ఉంటారు, పైగా ప్రేమతోనే అంటారు.

మొదటి రోజు రెండు మూడు బాతులు చాలు. అది ఇంకా ఆకాశం వైపు చూస్తూ ఉండగానే లేచి వచ్చేయండి. ఇంటికొచ్చాక చెవుల లోపల తడి తుడువు, వేళ్ల సందుల్లో ముళ్లు చూడు, కళ్లలో గడ్డి గింజలు ఉన్నాయేమో చూడు. లోహపు ఈల చలికి పెదవికి అంటుకుంటుంది, ప్లాస్టిక్‌వి రెండు కొని ఒకటి మెడలో వేసుకో, ఇంకొకటి జేబులో ఉంచు.

నీ మామయ్య