ఊళ్లో బాగానే ఉంటది, హైవే ఎక్కితే వేడెక్కుతోంది

ప్రశ్న: మా నాన్న 1988లో కొన్న అంబాసిడర్ నల్గొండ టౌన్‌లో బాగానే తిరుగుతోంది, నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కి 70లో పోతే మాత్రం టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. మెకానిక్ ఫ్యాన్ మార్చమంటున్నాడు. మార్చమంటారా?
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: అప్పుడే మార్చకండి. ఫ్యాన్ బలహీనంగా ఉంటే బండి ట్రాఫిక్‌లో వేడెక్కాలి, స్పీడ్‌లో గాలి తనంతట తానే తగులుతుంది కదా. నాకు రేడియేటర్ మీదే అనుమానం. ఇన్నేళ్లూ పోసింది బోరు నీళ్లేనా? మన జిల్లా నీళ్లలో ఉప్పు ఎక్కువ, బిందెకు పట్టినట్టే రేడియేటర్ గొట్టాల్లోనూ తెల్లగా గార పడుతుంది. బండి కాస్త నడిపి, ఇంజన్ ఆపి, రేడియేటర్ మీద చెయ్యి జాగ్రత్తగా ఆనించి చూడండి, మధ్యలో ఎక్కడైనా చల్లగా తగిలితే అక్కడ గొట్టాలు మూసుకుపోయినట్టే. రేడియేటర్ విప్పి రాడ్ కొట్టించి (గొట్టాల్లో సన్న కడ్డీ దూర్చి గార తీయించి), డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ సగం సగం కలిపి పోయండి. రేడియేటర్ కింది రబ్బరు హోస్ మెత్తబడితే స్పీడ్‌లో లోపలికి నొక్కుకుపోతుంది, అదీ చూడండి. థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని బట్టి నీళ్ల దారి తెరిచి మూసేది) తీసేయమంటే మాత్రం ఒప్పుకోకండి. వేడి మీద రేడియేటర్ మూత అస్సలు తిప్పొద్దు, మొహం కాలుతుంది.