ఆనప పిందెలు నిలవాలంటే సాయంత్రం పందిరి కిందికి వెళ్లండి

సందేహం: ఆత్రేయపురం దగ్గర లంకలో అరెకరం ఆనప పందిరి వేశాను. పాదులు ఏపుగా ఉన్నాయి, పూత విరగబూస్తోంది. పిందెలు మాత్రం వేలెడంత కాగానే పసుపుపచ్చగా మారి రాలిపోతున్నాయి. నిలిచినవాటిలో కొన్ని వంకర తిరుగుతున్నాయి. ఎండ తగ్గాక సాయంత్రం 5 గంటలకు రెండుసార్లు పురుగుమందు కొట్టాను. టెన్షన్‌గా ఉంది. ఇంకేం మందు కొట్టాలి?
– ఒక లంక రైతు

సలహా: ప్రస్తుతానికి స్ప్రేయర్ పక్కన పెట్టండి. రాలిన పిందెలు ఓ పది ఏరి నిలువునా కోసి చూడండి. తొక్క మీద సూది గుచ్చినట్టు మచ్చ, జిగురు, లోపల తెల్లటి పురుగులు ఉంటే అది పండు ఈగ. అలాంటి కాయల్ని ఏరి గోతిలో పూడ్చి, పండు ఈగల్ని ఆకర్షించే క్యూలూర్ ఎరలు కట్టండి. లోపల శుభ్రంగా ఉంటే పిందెకు పుప్పొడి అందలేదన్నమాట. వంకర కాయల సంగతి రాశారు కాబట్టి నా అనుమానం దీని మీదే.

ఆనపలో ఒకే పాదుకు మగ పూలు, ఆడ పూలు విడివిడిగా పూస్తాయి. సన్న కాడ మీద నిలబడేది మగ పువ్వు. అడుగున నూగుతో బుల్లి ఆనపకాయ ఉంటే ఆడ పువ్వు. దాన్ని చూసి పిందె పడిందని సంబరపడతాం గానీ, అప్పటికది అండాలుండే గది, అంటే అండాశయమే. పుప్పొడి రేణువు ఆడ పువ్వు నడుమనున్న కీలాగ్రం మీద పడి, మొలకెత్తి, సన్నని నాళాన్ని లోపలికి దించాలి. అది అండాన్ని చేరితే ఒక గింజ. గింజ కడితేనే కాయ ఊరుతుంది. ఒక వైపే గింజ కడితే కాయ వంకరపోతుంది. అసలు కట్టకపోతే పాదు ఆ పిందెను వదిలేస్తుంది.

ఆ నాళం మోసుకెళ్లేది రెండు మగ కణాలను. ఒకటి అండంతో కలిసి పిండమవుతుంది. రెండోది పిండానికి తిండి సిద్ధం చేస్తుంది. మీ గట్టు మీది కొబ్బరిబొండంలో నీళ్లు, లేత కొబ్బరి ఆ తిండే. ఎన్నిసార్లు చెప్పినా నాకిది ముచ్చటగానే ఉంటుంది.

ఇక మీ పొలం సంగతి. ఆనప పువ్వు సాయంత్రం విచ్చుకుని, మర్నాడు ఎండెక్కేసరికి వాడిపోతుంది. పుప్పొడి మోసేవి ఎక్కువగా రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులే. మీరు మందు కొట్టింది సరిగ్గా అవి వచ్చే వేళకి. మందు తప్పనిసరైతే పూలు ముడుచుకున్నాక, పగటిపూట కొట్టండి.

ఈ వారం చేత్తోనే పని కానివ్వండి. చీకటి పడేలోగా అప్పుడే విచ్చిన మగ పువ్వు కోసి, రేకులు తుంచి, నడుమ పొడిని ఆడ పువ్వు కీలాగ్రం మీద మెల్లగా రుద్దండి. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పూలకు సరిపోతుంది. పువ్వు తడిగా ఉంటే వద్దు, తడిసిన పుప్పొడి పనికిరాదు.

యూరియా ఎక్కువైతే తీగ సాగి మగ పూలే పెరుగుతాయి, తగ్గించండి. వచ్చే పంటకు రెండు నుంచి నాలుగు ఆకుల దశలో లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారీ చేస్తే ఆడ పూలు పెరుగుతాయి.

రుద్దిన ప్రతి పువ్వు కాడకూ దారం ముక్క వదులుగా కట్టుకోండి. వారం తర్వాత దారం ఉన్నవి ఎన్ని నిలిచాయో, లేనివి ఎన్ని నిలిచాయో లెక్కపెట్టి మాకు రాయండి.