రేవు విహారంలో ఓడ ఒంటి మీది అంకెలు

ప్రశ్న: రద్దీగా ఉండే పెద్ద ఓడరేవును పడవలో తిప్పి చూపించే విహారానికి మా అమ్మగారినీ, పదేళ్ల అబ్బాయినీ తీసుకువెళ్దామనుకుంటున్నాను. అంతంత ఓడల మధ్య చిన్న పడవలో తిరగడం క్షేమమేనా? క్రేన్లూ కంటైనర్లూ తప్ప అక్కడ చూడదగింది ఏముంటుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇరుకు కాలువలో తప్ప సురక్షితంగా నడవలేని ఓడకు 20 మీటర్లలోపు పడవలు అడ్డు రాకూడదని 1972 నాటి అంతర్జాతీయ నౌకాయాన నిబంధనలు చెబుతున్నాయి. నేటి అతిపెద్ద కంటైనర్ ఓడల పొడవు సుమారు 400 మీటర్లు. అంతటి ఓడ ఉన్నపళంగా ఆగలేదు కనుక మీ సరంగు వేగం తగ్గించి పక్కకు తప్పుకుంటే కంగారు పడకండి, అతను చేయవలసిన పనే చేస్తున్నాడు. ఓడ దాటిపోయాక కాసేపటికి దాని అలలు వచ్చి పడవను ఊపుతాయి. ఫొటోల కోసం అందరూ లేచి నిలబడేదీ సరిగ్గా అప్పుడే. అమ్మగారిని ఊపు తక్కువగా ఉండే మధ్యభాగంలో కూర్చోబెట్టి, అలలు సద్దుమణిగేదాకా లేవనివ్వకండి. బాబుకు అతని కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్‌ను బయలుదేరే ముందే అడిగి తొడిగించండి.

ఇక చూడవలసిన వాటిలో నా దృష్టిలో అన్నిటికన్నా గొప్పది ఓడ నీటిని తాకే చోటు. ముందు, వెనుక భాగాల్లో నిలువుగా అంకెలు రాసి ఉంటాయి. మీటర్ల లెక్కలో రాసినవైతే ఒక్కో అంకె ఎత్తు 10 సెంటీమీటర్లు, ఒక అంకె అడుగు నుంచి పై అంకె అడుగుకు 20 సెంటీమీటర్లు. నీటిమట్టం ఏ అంకెను తాకితే ఓడ అంత లోతు మునిగి ఉన్నట్టు. సరుకు దించేసిన ఓడ పైకి తేలి, మామూలుగా నీటిలో దాగి ఉండే రంగు, ముక్కు కింది ఉబ్బు బయటపడతాయి.

నడిమి భాగంలో, బరువెక్కిన ఓడ ఎంతవరకు మునగవచ్చో చెప్పే, అడ్డగీత ఉన్న ఒక వృత్తం కనిపిస్తుంది. మితిమీరిన బరువుతో ఓడలు మునిగి నావికులు చనిపోతుంటే, బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ ప్లిమ్‌సోల్ పట్టుబట్టి పోరాడిన ఫలితంగా 1876లో అక్కడ ఈ గుర్తు చట్టంలోకి వచ్చింది. ఆ వృత్తం పక్కనే మెట్లలా ఉండే చిన్న గీతల్లో చలికాలపు గీత వేసవి గీతకన్నా కిందికి ఉంటుంది, ఎందుకంటే సముద్రం మరింత కల్లోలంగా ఉండే ఆ కాలంలో ఓడ తక్కువ బరువుతో సాగాలి. మంచినీటి గీత మాత్రం పైన ఉంటుంది. ఉప్పునీటికన్నా తేలికైన మంచినీటిలో అదే బరువుకు ఓడ ఇంకొంచెం దిగుతుంది. ఒక చిన్న గీత వెనుక ఎందరి ప్రాణాలున్నాయో తలచుకున్నప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది.

చెవులకూ పని ఉంటుంది. ఒక పొట్టి కూత కుడికి తిరుగుతున్నానని, రెండు ఎడమకని, మూడు ఇంజను వెనక్కి తిప్పుతున్నానని అర్థం. ఐదు లేదా అంతకుమించి పొట్టి కూతలు వడివడిగా వినిపిస్తే, ఎదుటి ఓడ ఉద్దేశం అంతుపట్టడం లేదని హెచ్చరిక. ఈ లెక్క బాబుకు అప్పగించండి.

వృత్తం పక్కన అక్షరాలు చిన్నవి, దూరానికి ఆనవు. మెడకు తగిలించుకునే పట్టీ ఉన్న బైనాక్యులర్ ఒకటి వెంట ఉంచుకోండి.