కరోనాకి పేదా గొప్పా తేడా ఉందా? మా సెల్లార్‌లో చూసింది చెబుతాను

"డబ్బున్నవాళ్లూ పోయారు, లేనివాళ్లూ పోయారు, ఇక తేడా ఎక్కడుంది?" అని ఒకరు అడిగారు. వైద్యం దాకా చేరడానికి పట్టిన రోజుల్లో ఉందండి.

2021 ఏప్రిల్ చివర్లో, హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌లో నాకూ మా వాచ్‌మన్‌కీ ఒకే వారంలో జ్వరం వచ్చింది. నేను ఫోన్ చేస్తే ఆ సాయంత్రమే ల్యాబ్ కుర్రాడు ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్లాడు. అటాచ్డ్ బాత్రూమ్ ఉన్న గదిలో తలుపేసుకున్నాను. మా ఆవిడ గుమ్మం దగ్గర ప్లేటు పెట్టి వెళ్లేది. గంటకోసారి వేలికి ఆక్సీమీటర్ తగిలించుకుని టెన్షన్ పడటమే నా పని.

వాచ్‌మన్ మాత్రం నాలుగు రోజులు పారాసిటమాల్ మింగుతూ గేటు దగ్గరే కూర్చున్నాడు. టెస్టు ఉచితమే. కానీ ప్రభుత్వ కేంద్రం దగ్గర తెల్లారకముందే లైన్లో నిలబడాలి, కిట్లు అయిపోతే రేపు రమ్మంటారు. తీరా పాజిటివ్ అని తేలితే నీళ్ల మోటారు ఎవరు వేస్తారు, కార్లు ఎవరు తుడుస్తారు? పని పోతుందని భయం. ఉండేదేమో సెల్లార్‌లో మెట్ల కింద కిటికీ లేని ఒక్క గది, అందులో నలుగురు. మూడో రోజుకి భార్యకీ ఒళ్లు కాలిపోయింది. ఆమె పనిచేసే ఇళ్లవాళ్లంతా రావద్దన్నారు, జీతం మాట ఎవరూ ఎత్తలేదు.

ఐదో రోజు నా ఆక్సీమీటర్ తుడిచి లిఫ్ట్‌లో కిందికి పంపాను. అతని ఆక్సిజన్ 88 చూపించింది. 94 కంటే తగ్గితే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లమని చెప్పేవారు అప్పట్లో. "ఆయాసమేం లేదు సార్" అంటాడు! బావమరిది ఆటోలో తిప్పాడు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ముందు లక్ష కట్టమన్నారు. సర్కారు దవాఖానాలో బెడ్ దొరికేసరికి ఆరో రోజు. నాకు మొదటి రోజే మొదలైన వైద్యం అతనికి అప్పుడు మొదలైంది.

ఇది ఒక్క సెల్లార్ కథే అనుకోకండి. 2020 జులైలో ముంబైలోని మూడు వార్డుల్లో రక్తపరీక్షలు చేస్తే, మురికివాడల్లో దాదాపు 57 శాతం మందిలో యాంటీబాడీలు, అంటే కరోనా అప్పటికే సోకిందన్న గుర్తులు, కనిపించాయి. వాటి బయట ఇళ్లలో 16 శాతమే. పదుల కుటుంబాలకి ఒకటే మరుగుదొడ్డి ఉన్నచోట ఆరడుగుల దూరం ఎలా పాటిస్తారు? టీకా దగ్గరా అంతే. 2021 మేలో 18–44 ఏళ్లవాళ్లు కోవిన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో స్లాట్ బుక్ చేసుకోవాల్సి వచ్చేది. మా వాచ్‌మన్‌ది బటన్ల ఫోన్. జూన్‌లో ప్రభుత్వం పరిమితి పెట్టాక కూడా ప్రైవేటులో కోవాక్సిన్ డోసు 1,410 రూపాయలు.

అతను బతికాడు. పన్నెండు రోజుల తర్వాత, మందులకీ అంబులెన్స్‌కీ నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుతో తిరిగొచ్చాడు. అప్పటికే అసోసియేషన్ వాళ్లు వేరే వాచ్‌మన్‌ని పెట్టేశారు. ఆ నిర్ణయం వాట్సాప్ గ్రూపులోనే జరిగింది. నేనూ ఆ గ్రూపులో ఉన్నాను. మెసేజ్ చదివాను, ఏమీ రాయలేదు.